గంజి డబ్బా, రెండు మడత సైకిళ్లు

ముజీబ్‌కు ఆ పొద్దున ఒళ్లు మండిపోయింది. రైలెక్కని మనిషి, రోజూ రైలెక్కేవాడికి సైకిలు గురించి సలహా చెప్పడమేమిటి!

నగరానికి ఒక కొసన సూఫీ గురువు యాకూబ్ బాబా ఆశ్రమం, ఖాన్‌ఖా ఉంది. శిష్యులు నలుగురైదుగురు అక్కడే వండి, వచ్చినవారికి పెట్టి, ఆ తర్వాత తాము తింటారు. పొద్దున కాచిన గంజిలో మొదటి గరిటె మాత్రం ఖైరున్నీసమ్మది. నడుము వంగిపోయేదాకా ఆ పొయ్యి దగ్గర అందరికీ వండిపెట్టిన మనిషి ఆమె. ఇప్పుడు మంచం పట్టి, నగరానికి రెండో కొసన ఒంటిగదిలో ఉంటోంది. ఆ గంజి కడుపులో పడితేనే మందు వేసుకుంటుంది. దాన్ని చేర్చే పని ముజీబ్‌ది. స్టేషన్ దాకా సైకిలు, ఆపైన లోకల్ రైలు, దిగాక మళ్లీ సైకిలు.

మామూలు సైకిలును రైల్లోకి ఎక్కనివ్వరు. అందుకని బాబా మీద గురి ఉన్న బట్టల వ్యాపారి ఒకాయన రెండు రకాల మడత సైకిళ్లు పంపి, వాడి చూసి నచ్చింది ఉంచుకొమ్మన్నాడు.

ముజీబ్ రెండూ తొక్కి చూశాడు. చిన్న చక్రాలది కళ్లు మూసి తెరిచేలోగా మడతపడి సీటు కింద ఒదిగిపోతుంది. ప్లాట్‌ఫారం మీద దాన్ని మడుస్తుంటే జనం ఆగి చూసేవారు. వాళ్లు చూస్తున్నారంటే మనవాడు విప్పి మళ్లీ మడిచేవాడు. రెండోది బరువు. ఎంత మడిచినా తలుపు దగ్గర అందరి మోకాళ్లకూ తగిలి తిట్లు తినిపిస్తుంది. దానికి 'బర్రె' అని పేరు పెట్టి, చచ్చినా దాన్ని ముట్టనని నలుగురిలో ఒట్టు పెట్టుకున్నాడు.

తోటి శిష్యుడు రాజలింగం ఊరుకున్నాడా! "పంచరైతే ఏం జేస్తవన్నా? బర్రె అయితే మనమే బాగు జేస్కోవచ్చు" అన్నాడు.

అంతే. ముజీబ్ విసవిసా బాబా దగ్గరికి పోయాడు.

"బాబా, వీనికి జర బుద్ధి చెప్పుండ్రి. రోజూ ఆ రైల్ల నలిగేది నేను, తీర్పు చెప్పేది వీడా? రెండిట్ల ఏది మంచిదో మీరే చెప్పుండ్రి."

బాబా దబ్బనంతో చిరిగిన గోనెసంచి కుట్టుకుంటున్నాడు. దబ్బనం చేత్తో పట్టుకునే లేచి ముంగిట్లోకి నడిచాడు. చిన్న సైకిలు వెనక టైరులో కసుక్కున దింపాడు. తర్వాత బర్రె టైరులో. రెండూ బుస్సుమన్నాయి.

ముజీబ్‌కు ఇక నోరు ఆగలేదు.

"ఇదేం పని బాబా! గంజి డబ్బాల పోసి పెట్టిన. ఆడ అమ్మ ఆకలితోని ఉంటది! మంచంల ఉన్న ముసలామె నోటికాడి గంజితోని ఆటలా?"

"రైలుకింకా టైమున్నది" అని బాబా గుమ్మంలో కూర్చుని మళ్లీ సంచి పట్టాడు.

ముజీబ్ పళ్లు నూరుతూ చిన్న సైకిలును తలకిందులు చేశాడు. ఇలాంటి మనిషిని గురువని ఇన్నాళ్లు నెత్తిన పెట్టుకున్నందుకు తనను తానే తిట్టుకున్నాడు. వెనక చక్రం ఊడదీద్దామంటే దాని నట్టుకు సరిపోయే స్పానర్ ఖాన్‌ఖాలో లేదు. చక్రం ఉండగానే టైరు లేపుదామంటే అది రిమ్మును కరుచుకుని కూర్చుంది. గోళ్లు విరిగాయి. వేళ్లు నల్లబడ్డాయి. పక్కనే రాజలింగం బర్రె టైరును ఒకవైపు లేపి, ట్యూబు లాగి, నీళ్లలో ముంచి బుడగలు చూసి, ప్యాచ్ అంటించి గాలి కొట్టేశాడు.

"అన్నా, ఇది తయారైంది. తీస్కపో."

"నీ పని నువ్వు చూస్కో! కంపెనీ షాపుల దీన్ని చిటికెల చేస్తరు. ఆగు, నేనే చేసి చూపిస్త."

"రైలొస్తదన్నా."

"రానియ్యి! ఈ బర్రె మీద పోవుడుకన్న పోకుండుడే నయం!"

బాబా సంచి పక్కన పెట్టాడు. లోపలికి వెళ్లి గంజి డబ్బా తెచ్చి బర్రె హ్యాండిల్‌కు తగిలించాడు.

"ముజీబ్, ఇందాక ఆకలి ఎవరిదన్నవ్?"

ముజీబ్ చిన్న సైకిలును వదిలేసి లేచాడు. మసి చేతులతోనే బర్రె ఎక్కాడు.

స్టేషన్ దాకా ఒళ్లు మండుతూనే ఉంది. ఈసారి తిట్టడానికి దారిలో తను తప్ప ఇంకెవరూ లేరు.