పై గదిలో సైదులు

సైదులుకి కడుపుమంట. తిన్నది అరక్క వచ్చిన మంట కాదు, ఖాజావలిని చూసి వచ్చిన మంట. సైదులు వంటగదిలోకి తొంగి చూస్తే చాలు, పచ్చి కట్టెలు కూడా వాటంతటవే అంటుకునేవట.

ఇద్దరూ మదార్ షా అనే ఫకీరు శిష్యులు. ఆయన ఉండేది చింతగుట్ట మీద. ఆ గుట్ట ఎంత ఎత్తంటే, చూడి మేక ఎక్కడం మొదలుపెడితే పైకి చేరేసరికి పిల్లలకు కొమ్ములొచ్చేవి. అక్కడ చదువు ముగించి గురువు చేత పచ్చ తలపాగా కట్టించుకోవాలంటే, ఒక పరాయి భాష వచ్చి తీరాలి.

ఆ భాష ఫారసీ. అందుకు మూడు గదులు. గుట్ట కింది గదిలో అన్నం, నీళ్ళు, అమ్మ, నాన్న. నడిమి గదిలో మాటకు మాట. పై గదిలో పద్యాలు. కింద పాత శిష్యులు చెప్పేవారు, పైన ఫారసీ దేశం నుంచి ఓడలో వచ్చిన ఆగా అనే పండితుడు చెప్పేవాడు. ఆగా మెట్లు దిగిపోయిన కాసేపటికి గానీ ఆయన గడ్డం దిగడం పూర్తయ్యేది కాదు.

ఏ గదిలో కూర్చోవాలో ఎవరికి వారే ఎంచుకోవాలి. మదార్ షా కాదనడు. అదీ ఆయన కొంటెతనం.

ఖాజావలి తిన్నగా పై గదికి వెళ్ళాడు. సైదులూ వెనకే వెళ్ళాడు.

"సైదులన్నా, ముందు కింది గదిలో కూర్చోరాదూ?" అన్నాడు ఖాజావలి. "నేనంటే బందరులో గుర్రాల వర్తకుల మధ్య పెరిగాను. ఉగ్గుతో పాటు ఫారసీ తాగాను."

"ఓహో! మీ నాన్న గుర్రాలమ్మాడు, మా నాన్న దూది ఏకాడు. అంతేగా? మా నాన్న పరుపు లేకపోతే మీ వర్తకులు గుర్రాల మీదే నిద్రపోయేవాళ్ళు. నీకంటే కింద నేను కూర్చోను!"

ఉరుసు కాగానే ఆగా ఓడెక్కి వెళ్ళిపోతాడు. ఈలోగా ఆయన ఎదుట ఫారసీలో నోరు విప్పలేనివాడికి తలపాగా లేదు. సైదులు తల్లేమో కొడుకు తలపాగా చూడ్డానికి రమ్మని ఊరినీ, ఊళ్ళో గొడ్డూగోదనీ కూడా పిలిచేసింది.

ఒక మధ్యాహ్నం మదార్ షా సైదులుని పిలిచాడు. ఎండ ఎలా ఉందంటే, కాకులు ఒకదాని నీడలో ఒకటి నించున్నాయి. సైదులు నాలుక పిడచగట్టుకుపోయింది. గురువు పక్కన నీళ్ళకుండ ఉంది.

"ఆగా ఇవాళ ఏం చెప్పాడు నాయనా?"

"ఏం చెప్తాడు బాబా, ఖాజావలిని పొగిడాడు! వాడు ముందు వరుసలో, కిటికీ పక్కన కూర్చున్నాడు. పద్యం ఎత్తుకునే ముందు ఎడమ కనుబొమ్మ ఎగరేశాడు, అది పొగరు. మధ్యలో రెండుసార్లు దగ్గాడు, అది నటన. ఆగా భేష్ అంటే చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత ఫారసీలో ఏదో అని నీళ్ళడిగి తాగాడు."

"ఏమని అడిగాడు?"

సైదులు తల వెనక్కి వాల్చాడు, కుడిచెయ్యి చాచాడు. అచ్చం ఖాజావలే. పెదవులు కూడా విప్పాడు. మాట రాలేదు.

మదార్ షా లోటా నిండా నీళ్ళు వంచి ఇచ్చాడు. సైదులు గటగటా తాగేదాకా ఆగాడు.

"ఖాజావలి నీకు పూర్తిగా వచ్చేశాడురా," అన్నాడు. "ఆగా అడిగేది ఫారసీ."

మర్నాడు పై గదిలో సైదులు చోటు ఖాళీగా ఉంది. కింది గదిలో, వాడి నడుం దాకా కూడా రాని పిల్లల మధ్య, వాకిలికి వీపు పెట్టి ఒకడు కూర్చున్నాడు. ఖాజావలి మెట్లెక్కే చప్పుడు వినిపించినప్పుడల్లా ఆ వీపు కాస్త కదిలేది. ఎన్నాళ్ళకో కదలడం మానేసింది.

ఉరుసుకు ముందటి రోజు ఆగా, మదార్ షా పక్కపక్కన కూర్చున్నారు. శిష్యులు ఒక్కొక్కరే లోపలికి వెళ్ళాలి. ఖాజావలి వెళ్ళి చదివిన పద్యానికి గుట్ట మీది రాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నాయట. తర్వాత సైదులు.

"ఇందాక ఖాజావలి ఏం చదివాడో విన్నావా?" అన్నాడు మదార్ షా.

"లేదు బాబా. నా మాటలు నేను వల్లె వేసుకుంటున్నాను."

అని ఆగా వైపు తిరిగాడు. ఒక్కో మాటా పేర్చి, ఫారసీలో అన్నాడు.

"నాకు దాహంగా ఉంది. మీరూ తాగుతారా?"

పొద్దుట్నించీ పద్యాలు వినీ వినీ ఆగా గొంతూ ఎండిపోయింది. ఆయన గడ్డమంతా నవ్వుతూ చెయ్యి చాచాడు.

మదార్ షా కుండ మీది మూత తీశాడు.