ఏనుగు దొర కూర్చున్న పొద

ఏనుగు దొరకి కొండమీద ఓ తోట ఉండేది. అందరి తోటల్లాంటిది కాదు. మంచుకొండల నుంచి వలస బాతులు మోసుకొచ్చిన విత్తనాలతో వేసిన తోట. అందులో ఆకాశమంత దేవదార్లు, నీలిరంగు గసగసాల పూలు, రాళ్ల మధ్య నేలకి అతుక్కుని పాకే సూదుల్లాంటి ఆకులున్న రెండు జూనిపర్ పొదలు ఉండేవి. చూడ్డానికొచ్చిన జంతువులన్నీ దేవదారు దగ్గర నోరు తెరిచి, జూనిపర్‌ని తొక్కుకుంటూ పోయేవి.

తోటమాలి తాబేలు ముత్యాలమ్మ. పన్నెండేళ్లుగా ఆ పొదల చుట్టూ రాళ్లు పేరుస్తూ, వారానికోసారి కాసిని నీళ్లు చల్లుతూ బతుకుతోంది. ఎరువన్న మాటే లేదు. ఆ రాళ్ల సందే ఆవిడ ఇల్లు.

ఈ కొలువు మీద నక్క జంబయ్య కన్నుపడింది. తోటమాలికి దొర వంటింటి నుంచి రోజూ పనసతొనలొస్తాయి మరి. వెళ్లి దొర చెవిలో ఊదాడు. పన్నెండేళ్లకి ఆ పొదలు జానెడే పెరిగాయనీ, ముసలావిడ వాటి కడుపు మాడుస్తోందనీ, ఒకటి తన చేతికిస్తే ఏడాదిలో తన చెవులందుకునేలా పెంచుతాననీ చెప్పాడు.

దొరకి పెద్దవంటేనే గురి. రోజూ నీళ్లలో తన నీడ చూసుకునేవాడు, తప్పులేదు. సరేనన్నాడు. ఏడాదికి ఎవరి పొద మేలైతే వాళ్లదే కొలువు, రెండోవాళ్లు కొండ దిగిపోవాలి.

ముత్యాలమ్మ నడకకి కొండ దిగడానికే ఓ ఎండాకాలం పడుతుంది, దిగాక ఎవరూ తెలిసినవాళ్లు లేరు. కాసేపు ఏడ్చింది. తర్వాత లేచి రాళ్లు సర్దుకుంది.

జంబయ్య పేడ వేశాడు, రెండు పూటలా నీళ్లు పోశాడు, గాలి తగలకుండా తడిక కట్టాడు. పొద నిగనిగలాడుతూ లేచి, గడువు నాటికి అతని చెవులు దాటింది. ముత్యాలమ్మ పొద అరవేలు పెరిగింది, అదీ కొలిస్తేనే.

దొర వచ్చి జంబయ్య పొద చూసి తల పంకించాడు. రెండోదేదని అడిగితే, తన కాలి దగ్గరే ఉందని చెప్పారు. వంగి చూసి పెదవి విరిచాడు. జంబయ్య అప్పుడే పనసతొనల బుట్ట దగ్గరికి జరిగాడు.

అప్పుడు ముత్యాలమ్మ మెడ బయటికి చాపింది.

"దొరా, వీటి పుట్టింట ఆరునెలలు మంచు వచ్చి వీటి మీద కూర్చుంటుంది. మనకి మంచు లేదు. అంత బరువున్నవారు ఈ కొండమీద తమరొక్కరే. రెండిటి మీదా కాసేపు కూర్చుని, అప్పుడు తీర్పు చెప్పండి."

దొరకి ఇంత మర్యాద ఎవరూ చేసి ఎరగరు. జంబయ్య మాత్రం, ముళ్లు గుచ్చుకుంటాయేమో దొరా అని గొణిగాడు.

"నాకా?" అన్నాడు దొర.

ముందు ముత్యాలమ్మ పొద మీద కూర్చుని లేచాడు. పొద నేలలో కలిసిపోయినట్టుంది. ముత్యాలమ్మ కళ్లు మూసుకుంది. కాసేపటికి ఒక కొమ్మ లేచింది, దాని పక్కన మరొకటి. దొర నాలుగు పరకలు గడ్డి నమిలేలోపు పొద ఎప్పట్లాగే జానెడుంది.

తర్వాత జంబయ్య పొద మీద కూర్చున్నాడు. పటుక్కుమంది.

"ఇది లేవడానికి ఎంతసేపు పడుతుంది, జంబయ్యా?" అని దొర నిజంగానే అడిగాడు. పక్కనే నిలబడి పొద్దు వాలేదాకా కనిపెట్టుకుని చూశాడు కూడా.

జంబయ్య కొండ దిగాడు. ముత్యాలమ్మ ఒక పనసతొన తిని, పొద చుట్టూ చెదిరిన రాళ్లు సర్దుకుంది.

నీతి: పెంచినవాళ్ల పనితనం మొక్క ఎత్తులో కాదు, బరువు పడ్డాక అది లేచే తీరులో తెలుస్తుంది.