నాగసానమ్మ మూతకుండ

ఒకానొక రాజ్యంలో ఒక కుండ మూత గురించి జరిగిన చిన్న కథ ఇది. తమలపాకు నమిలేలోపు అయిపోతుంది. ఆ రాజ్యాన్ని పెదతిమ్మ భూపతి ఏలేవాడు. ఆయన మీసాలకు నెయ్యి రాయడానికి ఇద్దరు మనుషులుండేవారు, కుడి మీసానికొకడు, ఎడమ మీసానికొకడు. వాళ్లిద్దరికీ మాటల్లేవు. అందుకే ఒక మీసం ఎప్పుడూ కాస్త కిందికి వాలి ఉండేది. రాణిగారికి సంగతి తెలుసు, చెప్పేది కాదు. సరే, కుండ దగ్గరికి వద్దాం.

రాజ్యంలోని చురుకైన చిన్నపిల్లలను ఏరి, భూపతి కోటలో ఒక బడి పెట్టించి నాగసానమ్మకు అప్పగించాడు. ఆమెకు ఆ పిల్లలంటే ప్రాణం. ఒకనాడు ఆస్థాన పండితుడు కొండావధాని బడి చూసి, పరుగున కొలువుకు వచ్చాడు. విందుకు తప్ప ఆయన పరుగెత్తడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

“ప్రభూ, ఘోరం! పిల్లలు వల్లె వేయడం లేదు. చీమల వెంట పాకుతున్నారు. పైగా గురువునే ప్రశ్నలడుగుతున్నారు! ఆమె తిరిగి వాళ్లనే అడుగుతోంది!”

రాజు నాగసానమ్మను పిలిపించాడు. “ప్రశ్నలతో చదువొస్తుందా? రేపు కొలువులో నాకే పాఠం చెప్పు. నీ నోట ఒక్క ప్రశ్న రాకూడదు. పాఠం నాకు పట్టకపోతే బడికి తాళం. పిల్లలు అవధానిగారి దగ్గర వల్లె వేస్తారు.”

 అవధాని దగ్గర చదువుకున్న రాజుగారి బావమరిది ఎలా తయారయ్యాడో నాగసానమ్మ రోజూ చూస్తూనే ఉంది.

మర్నాడు ఆమె మూత చుట్టూ మట్టి మెత్తిన కుండ తెచ్చి, సింహాసనం ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. నోరు విప్పలేదు.

రాజు కాసేపు పైకప్పు చూశాడు. కాసేపు ఉంగరాలు చూసుకున్నాడు. ఇక ఉండబట్టలేక, “ఏముంది అందులో?” అన్నాడు.

“నాకూ తెలియదు ప్రభూ. పిల్లలు పెట్టి మూశారు.”

“తెలియని గురువా!” అవధాని మండిపడ్డాడు. “అందులో ఉన్నది రత్నం. సందేహం లేదు.”

రాజు దిగివచ్చి కుండను ఊపాడు. టకటకమంది. “రత్నమైతే ఇలా మోగుతుందా అవధానీ?” కుండను వంచాడు. ఏదో దొర్లింది. “గుండ్రంగా ఉంది! ఒక్కటే ఉంది! తినేదేమో?” వెంటనే పిల్లిని తెప్పించాడు. పిల్లి వాసన చూసి, పక్కకు పోయి పడుకుంది.

“తినేది కాదు!” రాజు చప్పట్లు కొట్టాడు.

“అదెలా ప్రభూ? వంకాయ పిల్లి తినదు, నేను తింటాను కదా!” అనేశాడు అవధాని. అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు.

“అవును సుమా! మరి తేల్చేదెలా?”

“చీమలు ప్రభూ! చీమల్ని తెప్పించండి!”

భటులు చీమల కోసం పరుగెత్తారు. రాజూ పండితుడూ కుండకు చెరోవైపు బోర్లా పడుకున్నారు. కిరీటం దొర్లి స్తంభం కిందికి పోయింది, ఎవరూ తీయలేదు. భోజనం గంట మోగింది. అవధాని లేవలేదు.

అప్పుడు నాగసానమ్మ అంది: “ప్రభూ, నేను ఒక్క ప్రశ్న అడగలేదు. మీరు అడగడం ఆపలేదు. నా బడిలో రోజూ జరిగేది ఇదే.”

రాజు నేలమీద పడుకునే పకపకా నవ్వాడు. బడికి తాళం పడదని చెప్పి, మెడలోని హారం తీసి ఆమెకిచ్చాడు. ఆ ఊపులోనే కుండ మూత పెరికేశాడు. లోపల పిల్లలు ఆడుకునే గచ్చకాయ ఒకటి ఉంది.

“అయ్యో ప్రభూ!” అవధాని మూత మళ్లీ పెట్టబోయాడు. “నేనింకా ఆలోచిస్తున్నానే!”

మర్నాడు ఇద్దరూ బడిలో చేరతామని వచ్చారు. ఎవరిని చేర్చుకోవాలో నాగసానమ్మ పిల్లలకే వదిలేసింది. “కుండ మూత ఎవరు తీశారు?” అని మాత్రం అడిగి, వాళ్లు గుమిగూడి మాట్లాడుకున్నారు.

అవధానికి చోటు దొరికింది. రాజుగారికి దొరకలేదు.