ఏడో మలుపు

పీరన్ ఉస్తాద్ షెడ్డులో మునిశేఖర్ మూడేళ్లుగా ఒక కర్ర కోసం ఎదురుచూస్తున్నాడు.

మూరెడు టేకు కర్ర. ఒక కొస ఇంజను మీద, రెండో కొస చెవికి ఆనించుకుని ఉస్తాద్ కళ్లు మూసుకునేవాడు. లోపల ఏ వాల్వు అలిగిందో, ఏ బేరింగు అరిగిందో ఆ కర్ర ఆయనకు చెప్పేది. ఆయన విని తల ఊపితే తప్ప ఎవరూ బానెట్ మూయకూడదు. అది ఆ షెడ్డు కట్టుబాటు. ఎవరి చేతికి ఆ కర్ర ఇస్తాడో, వాడిక ఎవరినీ అడగకుండా బానెట్ మూసుకోవచ్చు. నలభై ఏళ్లలో ఇద్దరికి ఇచ్చాడు. ఇచ్చిన ప్రతిసారీ తనకోసం మళ్లీ కొత్తది చెక్కుకున్నాడు.

మధ్యాహ్నం ఉస్తాద్ నమాజుకు వెళ్లినప్పుడు మునిశేఖర్ ఆ కర్ర తీసి, నడుస్తున్న ఇంజను మీద పెట్టి వినేవాడు. గడగడ తప్ప ఏమీ వినపడేది కాదు. మళ్లీ తుడిచి, ఉన్నచోటే ఆనించేవాడు.

లెక్కల్లో మాత్రం అతన్ని కొట్టేవాడు లేడు. డిప్లొమా మధ్యలో వదిలేసినా, పాత మాన్యువళ్లు ముందేసుకుని తనంతట తాను నేర్చుకున్నాడు. మదనపల్లె మార్కెట్టుకు వచ్చే టమాటా లారీని చూస్తే చాలు, బరువెంత, ఏ గేరులో ఘాట్ రోడ్డు ఎక్కుతుంది, ఎంత డీజిలు తాగుతుంది అని నోటిమీదే చెప్పేవాడు. చొక్కా జేబులో చిన్న నోటుబుక్కు. అందులో అంతా అంకెలే.

ఒకరోజు పొద్దున ట్రాక్టరుకు తాడు కట్టి ఒక చిన్న కారును లాక్కొచ్చారు. రెండే సీట్లు. పైకప్పు లేదు. ఆకుపచ్చ రంగు వెలిసి నాచులా ఉంది. ఎప్పుడో ఇంగ్లండు నుంచి వచ్చిన స్పోర్ట్స్ కారు. మునిశేఖర్ అలాంటిది బొమ్మల్లో తప్ప చూడలేదు. చెయ్యి వేస్తే ఎక్కడ నొచ్చుకుంటుందో అన్నట్టు దూరం నుంచే చుట్టూ తిరిగాడు.

వెనకాలే ఆటోలో వేదవల్లి మేడమ్ దిగింది. కాలేజీలో బోటనీ చెప్పి రిటైరైన మనిషి. కారు ఆమె భర్త దొరస్వామిది. పట్టునూలు వ్యాపారం చేసేవాడు. ఊరు విడిచి స్వదేశానికి పోతున్న ఒక దొర దగ్గర దాన్ని కొన్నాడట. ఆయన పోయి ఆరేళ్లు. కారు కదలకా అంతే కాలం.

"పీరన్, దీన్ని ఒక్కసారి హార్స్‌లీ కొండ ఎక్కించాల," అంది ఆమె. "నేను పక్కన కూర్చోవాల. అంతే."

ఉస్తాద్ బానెట్ ఎత్తి చూశాడు. ఇంజను తుప్పు పట్టి బిగుసుకుపోయింది. మునిశేఖర్ అప్పటికే నోటుబుక్కు తీశాడు.

"ఇంతకుముందు కొండ ఎక్కడానికి ఎంతసేపు పట్టేది మేడమ్?"

"గంటకి ఐదు నిమిషాలు తక్కువ."

"తొమ్మిది కిలోమీటర్లకా?"

"ఏడో మలుపు దగ్గర వేడెక్కి ఆగిపోయేది కదా నాయనా. ప్రతి ఆదివారమూ. ఒక్క వారం తప్పింది లేదు. ఆయన బానెట్ ఎత్తి నీళ్లు పోసేవాడు. చల్లారేదాకా అరగంట పిట్టగోడ మీద కూర్చోవాల్సిందే." ఆమె చిన్నగా నవ్వింది. "ఇంటినుంచి ఒక క్యాను నీళ్లు మోసుకుపోయేవాళ్లం. కారు కోసం!"

మునిశేఖర్ రాసుకున్నాడు: లోపం, వేడి. చోటు, ఏడో మలుపు. నష్టం, ముప్పై నిమిషాలు. కింద రెండు గీతలు గీశాడు.

ఉస్తాద్ నోటుబుక్కు వైపు చూడలేదు. ఆమె ముఖం వైపే చూస్తూ ఉండిపోయాడు.

ఆమె వెళ్లాక మునిశేఖర్ ఆగలేకపోయాడు.

"ఉస్తాద్, ఈ పాతదాన్ని బాగుచేసినా మళ్లీ ఏడో మలుపే. దీనిది పదకొండువందల సీసీ. శక్తి అరవై గుర్రాలు కూడా లేదు. మన షెడ్డు వెనకాల తుక్కు కింద పడున్న బండిలో రెండు లీటర్ల పెట్రోలు ఇంజను బంగారంలా ఉంది. నూట పద్దెనిమిది గుర్రాలు! కారు బరువేమో ఏడువందల కిలోలు. పదహారు నిమిషాల్లో కొండమీద ఉంటాం."

డెంటింగ్ పని చేసే బాషా సుత్తి ఆపి, "కొండకే చెమటలు పట్టిస్తాడంట!" అన్నాడు.

ఉస్తాద్ బీడీ వెలిగించాడు. "ముందు వైపు బరువు పెరగదా?"

"ఇరవై రెండు కిలోలు. స్ప్రింగులు మారుస్తా."

"బ్రేకులు?"

"ముందు చక్రాలకు డిస్కులేస్తా."

"నీ లెక్కలో అన్నీ ఉండాయా?"

"అన్నీ ఉన్నాయి ఉస్తాద్."

ఉస్తాద్ కాసేపు పొగ వైపు చూశాడు. "మేడమ్‌ని అడుగు. ఆమె ఊ అంటే చెయ్."

ఫోన్లో ఆమె ఒక్క మాటే అంది: "కొండ ఎక్కితే చాలు నాయనా."

రెండున్నర నెలలు పట్టింది. గొలుసు పుల్లీతో పాత ఇంజను పైకి తీసి, టార్పాలిన్ చుట్టి మూలన పెట్టారు. ఖాళీ అయిన చోటు చూస్తే చంటిపిల్ల ఉయ్యాలంత ఉంది. పెద్ద ఇంజను అందులో పట్టలేదు. మునిశేఖర్ అట్టముక్కలతో కొలతలు తీశాడు, వెనక రేకు కోశాడు, మౌంటింగులు కొత్తగా చేయించాడు. రెండువేళ్ల సందు కోసం నాలుగు రోజులు తిప్పలు పడ్డాడు. రేడియేటర్ రెండింతలది పెట్టాడు. పనిచేస్తున్నంతసేపూ అతని కళ్లలో ఒకటే బొమ్మ. ఇంజను మీద కర్ర పెట్టి విన్న ఉస్తాద్, ఆ కర్రను తిప్పి తన చేతికి ఇస్తున్నట్టు.

ఆ రోజు వచ్చింది. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి. బాషా సుత్తి పడేసి దగ్గరికి వచ్చాడు.

ఉస్తాద్ కర్ర ఆనించి కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు విన్నాడు. తల ఊపాడు.

మునిశేఖర్ బానెట్ మూశాడు. అలాగే నిలబడ్డాడు. ఉస్తాద్ కర్రను చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

"ఇంకా ఏం తక్కువైంది ఉస్తాద్?" అని వెనకనుంచి అడిగాడు.

ఉస్తాద్ తిరిగి వచ్చాడు. చేతిలో ఐదు లీటర్ల నీళ్ల క్యాను. దాన్ని సీటు వెనకాల పెట్టాడు.

"ఇది వేడెక్కదు ఉస్తాద్! వేడి చూపే ముల్లు తొంభై దాటదు. కావాలంటే లెక్క చూపిస్తా." మునిశేఖర్ క్యాను తీసి కింద పెట్టాడు.

ఉస్తాద్ క్యాను ఎత్తి మళ్లీ అక్కడే పెట్టాడు.

రెండోసారి దాన్ని తీసే ధైర్యం మునిశేఖర్‌కి లేకపోయింది.

ఆదివారం పొద్దున వేదవల్లి మేడమ్ నేత చీర కట్టుకుని, చేతిలో గుడ్డసంచితో వచ్చింది. సంచిలోంచి ఉడికించిన శెనక్కాయల వాసన. ఎడమ సీట్లో కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుంది. సీటు అంచును అరచేత్తో ఒకసారి నిమిరింది.

కొండ మొదట్లో మునిశేఖర్ గడియారం చూసుకుని గేరు వేశాడు. కారు ఎగిరి ముందుకు దూకింది. ఒకటో మలుపు, రెండో మలుపు. చెట్లు వెనక్కి పారిపోతున్నాయి. నాలుగో మలుపులో ఒక జీపును దాటేశాడు. అతనికి గట్టిగా అరవాలనిపించింది.

ఏడో మలుపు రాగానే ఆమె చెయ్యి తలుపు గడియ మీదకు వెళ్లింది. దిగబోయే మనిషి చెయ్యిలాగ.

కారు ఆగలేదు. మూడో గేరులోనే మలుపు తిరిగి పైకి వెళ్లిపోయింది. గాలికి ఎగిరిన కొంగును అదుముకుంటూ ఆమె మెడ తిప్పి వెనక్కి చూసింది. పిట్టగోడ కనపడినంతవరకూ చూసింది.

"పదహారు నిమిషాల ఇరవై సెకన్లు మేడమ్!" పైన బండి ఆపి మునిశేఖర్ అన్నాడు.

"అప్పుడే వచ్చేసినామా?" అంది ఆమె.

కాసేపు లోయ వైపు చూసింది. సంచి విప్పలేదు. "బాగా చేసినావు నాయనా. చాలా బాగా చేసినావు," అంది. అలాంటి గొంతు అతను చిన్నప్పుడు బళ్లో ఎన్నోసార్లు విన్నాడు. తప్పు జవాబు రాసిన పిల్లాడు ఏడవకుండా పంతులమ్మ మాట్లాడే గొంతు. "పోదాం పద."

మునిశేఖర్ తువ్వాలు కోసం సీటు వెనక చెయ్యి పెట్టాడు. చేతికి నీళ్ల క్యాను తగిలింది.

అతను జేబులోంచి నోటుబుక్కు తీశాడు. మొదటి రోజు రాసిన పేజీ తెరిచాడు. నష్టం, ముప్పై నిమిషాలు. కింద రెండు గీతలు. ఆ పేజీని చాలాసేపు చూశాడు.

దిగేటప్పుడు కారు మెల్లగా నడిపాడు. ఏడో మలుపులో పక్కకు తీసి ఇంజను ఆపేశాడు.

"ఏమైంది నాయనా?"

"వేడెక్కింది మేడమ్."

కొండ దిగే బండికి ఇంజను వేడెక్కదు. ఆ సంగతి అతనికి తెలుసు. ముప్పై ఏళ్లు ఆ సీట్లో కూర్చున్న ఆమెకూ తెలుసు. ముల్లు డెబ్బై దగ్గర నిద్రపోతోంది. ఆమె ముల్లు వైపు చూసింది, అతని వైపు చూసింది.

"ఎంతసేపు పడుతుంది?"

"అరగంటన్నా పడుతుంది."

"అరగంట," అంది ఆమె, ఆ మాటను నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నట్టు. తలుపు గడియ తీసి దిగింది.

మునిశేఖర్ బానెట్ ఎత్తాడు. గుడ్డ తడిపి రేడియేటర్ మీద కప్పాడు. నీళ్లు చారలు చారలుగా కారి రోడ్డు వారన ఉన్న సీతాఫలం మొక్కల్లోకి ఇంకిపోయాయి. క్యానులో మిగిలింది కూడా కొంచెం కొంచెంగా పోస్తూనే ఉన్నాడు, ఎంత నెమ్మదిగా పోయవచ్చో అంత నెమ్మదిగా.

ఆమె పిట్టగోడ మీద కూర్చుంది. ఒక మనిషి పట్టేంత చోటు పక్కన వదిలి కూర్చుంది. సంచి విప్పి శెనక్కాయలు ఒలవడం మొదలుపెట్టింది. సగం గింజలు తను తింటూ, సగం పక్కన గోడమీద పేరుస్తూ పోయింది. కింద లోయలో ఎవరో మేకల్ని అదిలిస్తున్న కేక ఒకసారి వినపడి, మళ్లీ సద్దుమణిగింది.

చాలాసేపటికి ఆమె పక్కనున్న గింజల కుప్పను చూసింది. అప్పుడే గమనించినట్టు చూసింది.

"రా నాయనా, తిను. చల్లారిపోతాయి."

అతను వెళ్లి నిలబడే తిన్నాడు. ఆ పక్కన చోటు ఉన్నా కూర్చోలేదు. ఆమె కూర్చోమనలేదు. గడియారం వైపు చూడాలని అతనికి తోచలేదు.

షెడ్డుకు వచ్చేసరికి ఎండ నడినెత్తికి ఎక్కింది. ఉస్తాద్ సీటు వెనక నుంచి క్యాను తీశాడు. అది గాలికి తేలిపోతోంది.

"నీళ్లేవప్పా?"

"ఏడో మలుపు దగ్గర వేడెక్కింది ఉస్తాద్. దిగేటప్పుడు."

బాషా కడుపు పట్టుకుని నవ్వాడు. "దిగేటప్పుడంట! రెండు లీటర్ల ఇంజనంట, డబుల్ రేడియేటరంట! ఏమయిపాయ నీ లెక్కలు?"

ఉస్తాద్ నవ్వలేదు. కారును స్టార్ట్ చేయమని సైగ చేసి, బానెట్ ఎత్తి, ఇంజను మీద కర్ర ఆనించాడు. విన్నాడు. తర్వాత కర్రను తిప్పి, చెవి పెట్టే కొస అతని వైపు చాపాడు.

మునిశేఖర్ చేతులు తుడుచుకుని అందుకున్నాడు. చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు.

ఉస్తాద్ మూలనున్న పాత ఇంజను దగ్గరికి నడిచాడు. టార్పాలిన్ కొంచెం జరిగి ఉంటే సర్ది కప్పాడు.

"దొరస్వామి బండికి ముప్పై ఏళ్లు నేనే పనిచేసినా," అన్నాడు. "ఈ ఇంజను ఒక్కనాడు కూడా వేడెక్కలేదప్పా."