అవ్వల కనుమలో చెవులు లేని తల్లి

“వచ్చే తిరునాళ్ళకు ఈ అవ్వల కనుమలో ఒక్క బండ కూడా మిగలదు. తారురోడ్డు వేయించి, మొదటి బస్సులో నేనే ఎక్కి కోనంపాళెం వస్తాను. ఈ తల్లి సాక్షిగా చెబుతున్నాను, ఇది నా ప్రమాణం!”

కిందటి మాఘ పౌర్ణమి తిరునాళ్ళలో మన గౌరవనీయ శాసనసభ్యులు అమ్మవారి ఎదుట మైకు పట్టుకుని పలికిన మాటలివి. చప్పట్లు కొట్టినవారిలో మనమందరమూ ఉన్నాము. ఏడాది తిరిగివచ్చింది; బండలు పడినచోటనే ఉన్నాయి, బస్సు రాలేదు. ఇందులో అమ్మవారి తప్పేమీ లేదు, ఆమెకు చెవులు లేవు. చెవులు లేని తల్లి ముందు మైకు పెట్టినవారికి ఈ స్థల మాహాత్మ్యం తెలియదని స్పష్టమే కనుక, వారి కోసమూ, చప్పట్లు కొట్టిన మన కోసమూ, పెద్దల నోట విన్నది విన్నట్లుగా ఇక్కడ రాస్తున్నాము.

పూర్వం, పాళెగాళ్ళు ఈ సీమను ఏలుతున్న రోజుల్లో, అడ్డుకొండకు పడమట కోనంపాళెంలో కోనప్పనాయుడనే పాళెగాడు ఉండేవాడు. ఆయన ధర్మాత్ముడు, దాత, మంచిమాటకు ఇట్టే కరిగిపోయే మనసు కలవాడు. లోపమని చెప్పదగినది ఒక్కటే: ఆయన సంకల్పాలన్నీ పొద్దున ఆకాశమంత ఎత్తున పుట్టి, మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చేసరికి అరిగిపోయేవి. అడ్డుకొండ ఆ గ్రామానికి తూర్పున గోడలా నిలిచి ఉండేది. ఉప్పు కొండకవతల, సంత కొండకవతల, కాన్పులు చేయడంలో పేరుపొందిన మంత్రసాని కూడా కొండకవతల వంకపల్లెలోనే. చుట్టూ తిరిగి పోదామంటే ఆ దారి పగవాడైన మరొక పాళెగాడి సీమలో ఉన్నది. ఎక్కి దిగుదామంటే మేకలకే మోకాళ్ళు వణికే బాట. నొప్పులు పడుతున్న స్త్రీలను డోలీ కట్టి ఆ బాటలోనే మోసుకుపోయేవారు. కొందరు దారిలో బిడ్డను కనేవారు, కొందరు దారిలో కన్నుమూసేవారు.

కోనప్పనాయుడి తల్లి పేరు ఓబక్క. ఆమెకు కొండకవతలి బాధ మరొకటి ఉండేది. వంకపల్లెలో ఇచ్చిన చెల్లెలు నారక్క, తమ తల్లి చనిపోయినప్పుడు అక్క బాలింతగా ఉండి కదలలేని అదను చూసి, కొండకవతలే ఉన్న పుట్టింటి రోలును బండికెత్తించుకుపోయింది. ఆ రోట్లో నూరిన వేరుశనక్కాయల ఊరిబిండి రుచి మరే రాతిలోనూ పుట్టదని ఓబక్క నమ్మకం. ఉన్న నాలుగు పళ్ళూ ఊడేలోగా ఆ ఊరిబిండి సంగట్లో నంజుకొని తినాలనీ, తినబోయే ముందు చెల్లెలిని ముఖాముఖిగా కడిగేయాలనీ ఆమె జీవితాశయం. తల్లి కోరికా, ప్రజల కష్టమూ ఒకే కొండను చూపిస్తుండగా, కొండను తొలిచి బాట వేయిస్తానని కోనప్పనాయుడు కొండకింది అమ్మవారి గుడిలో ప్రమాణం చేశాడు. ఆ కాలంలో అమ్మవారికి నిండైన చెవులు ఉండేవి, వాటికి రాతి కమ్మలు కూడా ఉండేవి.

ప్రమాణం చేసిన ఏడాది ఎండలన్నాడు. మరుసటి ఏడు వానలన్నాడు. ఆ మరుసటి ఏడు ఎండలూ వానలూ రెండూ అనుకూలించినప్పటికీ, ప్రజలలో ఉత్సాహం చాలదని కనిపెట్టి, ఉత్సాహం నింపడంలో దేశమంతటా ఖ్యాతి గడించిన ఉత్తేజానందస్వామిని పల్లకి పంపి పిలిపించాడు. స్వామివారి వాగ్ధాటి నిజంగా అద్భుతమైనది. “నీలో నిద్రిస్తున్న సింహాన్ని లేపు! కొండ నీ ఎదుట లేదు, నీ లోపల ఉంది! లోపలి కొండను పిండి చెయ్!” అని ఆయన గుడి ముందు గర్జించేసరికి పెద్దలు కన్నీళ్ళు పెట్టుకునేవారు, యువకులు తొడలు చరిచేవారు, పాళెగాడు మీసం దువ్వుతూ ఏడ్చేవాడు. అందరూ లోపలి కొండను పిండి చేసి, అలసిపోయి, ఇళ్ళకు పోయి పడుకునేవారు. తెల్లవారి చూస్తే బయటి కొండ యథాస్థానంలో ఉండేది. ఉపన్యాసం వల్ల ఆకలి వేయడం తప్ప మరే ఫలితమూ కలగని సమాజంలో ఉపన్యాసకుడే బలుస్తాడన్న చారిత్రక సత్యానికి స్వామివారి దేహమే నిదర్శనంగా నిలిచింది.

ఇట్లు ఏటేటా ప్రమాణాలూ, ప్రసంగాలూ జరుగుతుండగా, ఏడవ సంవత్సరం మాఘ పౌర్ణమి ఉదయాన పూజారి ముద్దప్ప తడిబట్టలతో పాళెగాడి ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

“దొరా, అమ్మ చెవులు ఊడొచ్చినాయి! ఎవురూ ముట్టుకోలా. హారతిపళ్ళెంలో రెండూ పక్కపక్కన పెట్టినట్టుండాయి, కమ్మలతో సహా!”

అందరూ గుడికి పోయి చూశారు. ముద్దప్ప లక్క కరిగించి అతికించాడు, చెవులు నిలవలేదు. సున్నమూ బెల్లమూ కలిపి అతికించాడు. చీమలు పట్టాయి గాని చెవులు పట్టలేదు. అప్పుడు ఉత్తేజానందస్వామి గొంతు సవరించుకుని, “నాయుడుగారూ, భయం వద్దు, ఇది మహా శుభశకునం. నా ప్రవచనానికి మెచ్చి తల్లి తన కర్ణాలనే నాకు బహూకరించింది” అని సెలవిచ్చాడు.

“బహూకరించలేదు స్వామీ, పీకి పారేసింది” అన్నది ఓబక్క. “ఏడేండ్లుగా వింటాంది పాపం. నాకూ ఊడొచ్చేటివైతే నేనెప్పుడో పీకేసుకుందును.”

కోనప్పనాయుడు దిగులుపడి, “మరింక నా మొక్కు ఎవరికి చెప్పుకొనేదమ్మా?” అని అడిగాడు.

“కండ్లుండాయి కదరా ఆమెకు! నోటితో చెప్పాకు, చేసి చూపీ.”

కొడుకు ఏం చూపాలో ఆలోచించడానికి మంచి ముహూర్తం వెతకసాగాడు. ఓబక్క ఇంటికి పోయి, పెరట్లో గోడకు ఆనించిన గునపం భుజాన వేసుకుని, నేరుగా అడ్డుకొండ దగ్గరకు పోయి బండను కొట్టడం మొదలుపెట్టింది. అయితే గునపాన్ని ఆమె తలకిందులుగా పట్టుకున్నది. మొన ఆకాశం వైపు, మొద్దుతల బండ వైపు. కొట్టినప్పుడల్లా ఖంగుమని మోగడమే తప్ప గోరంత పెచ్చు కూడా లేవలేదు. పాళెగాడి తల్లికి మతి పోయిందని ఊరంతా పుకారు పుట్టి, తమాషా చూడడానికి జనం చేరారు. వారిలో కాటయ్య అనే గొర్రెల కాపరి ముందు నవ్వాడు, తరువాత తల గోక్కున్నాడు, ఆపైన ఉండబట్టలేక నోరు తెరిచాడు.

“జేజీ, గునపం తలకిందులుగా పట్టుకున్నావు.”

“నాకిట్లనే బాగుంది. నీ గొర్లు జూసుకో పో.”

ఆమె మళ్ళీ కొట్టింది. ఖంగుమన్నది. కాటయ్య పళ్ళు జివ్వుమన్నాయి.

“అయ్యో, అట్ల కాదు జేజీ! చూడలేక చస్తాండా. ఇట్లియ్!”

గునపం లాక్కుని, మొన కిందికి తిప్పి, ఒక్క పోటు పొడిచాడు. బండకు పగులు పట్టింది. పగులు చూసినవాడు ఊరుకోలేడు. ఇంకొక్కటి వేస్తే పెచ్చు ఊడుతుందనిపించింది, వేశాడు, ఊడింది. ఊడినచోట ఇంకో పగులు కనబడింది. మహాశయులారా, ఏటేటా ఉత్తేజానందస్వామి గొంతు చించుకుని వెతికిన సింహం ఆ ‘ఇంకొక్కటి’ అన్న మాట వెనుక పడుకుని ఉన్నది. ఉత్సాహం కలిగినాక పని మొదలుపెడదామని కూర్చున్నవాడి దగ్గరకు అది రానే రాదు. మొదటి పెచ్చు ఊడిన చప్పుడు వినబడితే పిలవకపోయినా వస్తుంది. పొద్దు గూకేదాకా కాటయ్య గునపం దించలేదు. గొర్రెలు వాటంతట అవే ఇల్లు చేరాయి.

మరునాడు కమ్మరి బ్రహ్మయ్య అటుగా పోతుంటే ఓబక్క మళ్ళీ గునపం తలకిందులుగా పట్టుకుని ఉన్నది. “ఇనుము మర్యాద తీస్తాండావు తల్లీ, ఇట్లియ్!” అని ఆయన అందుకున్నాడు. మూడోనాడు సంగటి తెచ్చిన ఆడవాళ్ళు, ఆమె మట్టిని గంపకెత్తకుండా చేట్లోకెత్తడం చూసి, “చేటతో మన్ను మోస్తారా ఎవురైనా? ఇట్లియ్యి!” అని గంపలు తెచ్చుకున్నారు. ఒకరి చేతగానితనాన్ని చూస్తూ ఊరకుండలేకపోవడమనే మానవ స్వభావం ఎంతటి మహాశక్తియో, దానిని కూడగడితే ఏ కొండైనా ఎట్లా కదులుతుందో, లోకానికి మొదట బోధించినది ఈ నాలుగు పళ్ళ ముసలమ్మ.

ఉత్తేజానందస్వామి మాత్రం ఇది తన ప్రసంగఫలమేనని ప్రకటించడానికి కనుమకు విచ్చేశాడు. “లేవండి, మేల్కొనండి, మీలోని అనంతశక్తిని...” అని ఆయన అంటుండగానే ఓబక్క వెనుక నుంచి వచ్చి నెత్తిన మట్టిగంప పెట్టింది. స్వామి మాట ఆపలేక, గంప దించలేక, మాట్లాడుతూనే నడిచాడు. మొదటి గంపకు వాక్యం పొడుగ్గానే ఉన్నది. కొన్ని గంపల తరువాత సమాసాలు రాలిపోయాయి, మరికొన్నింటికి విశేషణాలు పోయాయి, సాయంకాలానికి “హమ్మా” అన్న ఒక్క మాట మిగిలింది. ఆయన జీవితంలో అంత నిజాయితీ గల ప్రసంగం మరొకటి లేదని పెద్దలంటారు. అటుపైన ఆయన ఎక్కడికీ పోలేదు, గంప దించనూ లేదు.

చివరకు కోనప్పనాయుడు తల్లిని ఇంటికి తీసుకుపోవడానికి పల్లకితో వచ్చాడు. ఆమె అతడిని చూసి గబగబా గునపం తిప్పి పట్టుకున్నది. నాయుడు దగ్గరకు పోయి మెల్లగా అడిగాడు:

“అమ్మా, నా చిన్నప్పుడు తోటలో టెంకాయ చెట్లకు గుంతలన్నీ నువ్వే తవ్వినావు కదా. నీకు గునపం పట్టేది రాదా?”

“ఊరుకోరా, ఎవురన్నా వింటారు” అన్నది ఓబక్క గొంతు తగ్గించి. “ఊరంతా ఒకసారి పట్టినారు దీన్ని. నువ్వే మిగిలినావు.”

అని బండను మొద్దువైపుతో కొట్టింది. ఖంగుమన్నది. అది మాయ అని తెలిసి కూడా, కన్నతల్లి తనను మోసం చేస్తున్నదని కళ్ళారా చూస్తూ కూడా, పాళెగాడు ఓర్చుకోలేకపోయాడు. తలపాగా విసిరికొట్టి, “అట్ల కాదమ్మా, ఇట్లియ్!” అన్నాడు. ఆనాటి నుంచి ఆ వంశంలో ప్రమాణం చేసినవాడు లేడు.

ఎండలు పోయి వానలొచ్చాయి, వానలు పోయి మళ్ళీ ఎండలొచ్చాయి. కొండ మధ్యకు చేరేసరికి బండ లోపల నుంచి చప్పుడు వినబడింది. భూతమేమోనని జనం వెనక్కి తగ్గారు. ఓబక్క చెవి ఆనించి విన్నది, ముఖం ఎర్రబడింది. “భూతం కాదు, మా నారి! ఆ వాయింపుడు నాకు తెలీదా?” అని తానే గునపం అందుకుని, ఈసారి సరిగ్గా పట్టుకుని, ఒక్క పోటు పొడిచింది. గునపం బండను తొలుచుకుపోయింది. బొక్కలో అవతలి వైపు నుంచి మరో గునపం మొన తొంగిచూసింది, దాని వెనుక నారక్క గొంతు వినబడింది.

“ఎవురే అది?”

“నేనేనే, దొంగదానా! యాడ నా రోలు?”

“తెచ్చినా లేవే! నువ్వు కొట్టే చప్పుడు ఇనబడినప్పటి నుంచి నేనూ ఇట్నుంచి తవ్వుతాండా. అమ్మ నా చేతికిచ్చి పంపించిందని ముఖం మీద చెప్పాలని ఎన్నేండ్లు కాసుకోనుండానో తెలుసునా నీకు?”

బొక్కను సందుగా వెడల్పు చేశాక, నలుగురు మనుషులు మోసుకొచ్చిన రోలు ఆ సందులో దిగబడింది. దానికి అటొకరు ఇటొకరు కూర్చుని అక్కచెల్లెళ్ళు పోట్లాడుకున్నారు. పోట్లాడుకుంటూనే వేరుశనక్కాయలు వేయించారు, పోట్లాడుకుంటూనే ఊరిబిండి నూరారు. ఓబక్క వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నది. జనమంతా మెడలు చాచి చూశారు.

“ఉప్పెక్కువైంది” అన్నది. కాని ఆమె కంటి నీళ్ళు రోట్లో పడుతూనే ఉన్నాయి. ఉప్పు వాటివల్లనే ఎక్కువైందని నారక్క చివరిదాకా వాదించింది.

ఆ సమయంలోనే పూజారి ముద్దప్ప మళ్ళీ పరుగెత్తుకొచ్చాడు. కొండకింద గుడి ఖాళీగా ఉన్నది. జనం తిరిగి చూస్తే, అమ్మవారు కనుమ నడుమ, రోటికి పక్కగా, నిలబడి ఉన్నది. చెవులు లేవు, కళ్ళు మాత్రం మునుపటికన్నా పెద్దవయ్యాయి. అంతకుముందు అభయమిస్తూ తెరిచి ఉన్న కుడిచెయ్యి ముడుచుకుని పిడికిలయింది. చూస్తూ ఉండబట్టలేక ఆ తల్లి కూడా “ఇట్లియ్” అంటూ వచ్చిందని అందరికీ అర్థమైంది.

ఆనాటి నుంచి అది అవ్వల కనుమ. రోలు దిగబడినచోటనే ఉన్నది, చేయి పెట్టి చూడవచ్చు. మాఘ పౌర్ణమి నాడు పూజారి అమ్మవారి పిడికిలిలో గునపాన్ని తలకిందులుగా ఉంచుతాడు. మొదట వచ్చిన భక్తుడు “అట్ల కాదు తల్లీ, ఇట్లియ్” అని అందుకుని ఒక పోటు పొడుస్తాడు. తక్కినవారు తలా ఒక గంప మన్నెత్తి పోసి, ఊరిబిండి ప్రసాదం తింటారు. ఈ గుడిలో మొక్కు నోటితో చెప్పకూడదు. చెప్పినా అందదు.

ముందటేటి వానలకు కొండచరియ విరిగి, అమ్మవారికి అవతలి వైపున కనుమ మూసుకుపోయింది. అంబులెన్సు బండలకు అవతలే ఆగుతున్నది. ఓబక్క కాలంలో వదిలించుకున్న డోలీని మన ఆడపడుచుల కోసం మనం మళ్ళీ కడుతున్నాము. అయ్యా శాసనసభ్యులవారూ, మీ ప్రమాణం అమ్మవారికి వినబడలేదు. మాకు వినబడింది; మా చెవులు ఊడిపోలేదు. ఏ రోజున యంత్రాలు వస్తాయో చెప్పండి, లేదా రావని చెప్పండి. ప్రసంగం వద్దు, తేదీ చాలు. మీరేం చెప్పినా, చెప్పకపోయినా, తిరునాళ్ళ మరునాడు తెల్లవారేసరికి మేమందరం ఆ బండల ముందు గునపాలు తలకిందులుగా పట్టుకుని నిలబడి ఉంటాము. చూసి ఓర్చుకోగలిగితే ఓర్చుకోండి.

మీ జవాబుకు గడువు: మాఘ పౌర్ణమి, ఫిబ్రవరి పన్నెండో తేదీ.