తుంగమ్మ మార్చిన పోచ

అనగనగా అంటే మరీ అంత పాతకాలమేమీ కాదు. పిట్టలకు బళ్ళూ, బళ్ళకు పంతుళ్ళూ, ఆ పంతుళ్ళను నిలదీసే తల్లిదండ్రులూ ఉన్న కాలం. ఆ కాలంలో ఒక పంటకాలువ గట్టున వరసగా పదమూడు ఈతచెట్లు. ఆ చెట్లనిండా గిజిగాళ్ళ కాపురాలు.

గిజిగాడి గూడు మీరు చూసే ఉంటారు. సొరకాయ బుర్రలా ఉంటుంది, మట్ట చివర నీళ్ళపైన వేలాడుతుంటుంది. దాన్ని కట్టాలంటే మూడు పనులు రావాలి. మొదటిది ముడి. గూటిని మట్టకు పట్టి ఉంచేది అదే. రెండోది అల్లిక. వాన లోపలికి దిగకుండా కాసేది అది. మూడోది మట్టి. గూటిలోపల బంకమట్టి అద్దితే గూడు బరువెక్కి, గాలికి గిరగిరా తిరగదు. ఈ మూడూ పిల్లలకు నేర్పేవాడు దర్భయ్య పంతులు. రెక్కలు నెరిశాయిగానీ గొంతు మాత్రం ఖంగుమనేది.

ఆ పిట్టల్లో గూడు కట్టడం మగవాళ్ళ పని. కట్టిన గూటిని చూసి, బాగుందో లేదో తేల్చడం ఆడవాళ్ళ పని. అలా తేల్చడంలో తుంగమ్మ మాటకు తిరుగులేదు. పదమూడు చెట్లలో ఎవరు గూడు కట్టినా, "తుంగమ్మ ఒకసారి చూసిందా?" అనేవారు.

తుంగమ్మ కొడుకు చిగురు. ఆ ఏడు వాడికి బడి పూర్తవుతుంది. బడి పూర్తయిన పిల్లడు ఆషాఢంలో వచ్చే తొలి గాలివానను తాను కట్టిన గూట్లోనే గడపాలి. అది అక్కడి ఆచారం. ఊరికే పెట్టిన ఆచారం కాదు. అప్పటికి అమ్మ గూట్లో కొత్త గుడ్లుంటాయి, పెద్దపిల్లలకు చోటుండదు. గూటికింద కాలువ. కాలువలో నీళ్ళపాము. గూడు ఊడితే ఏమవుతుందో ఎవరూ పైకి అనేవారు కాదు.

ఆ బడిలో తాతలనాటినుంచీ ఒక పద్ధతి ఉండేది. పిల్లడి ముడి, అల్లిక, మట్టి మూడూ కలిపి చూసి పంతులు ఒక్క ఈక ఇచ్చేవాడు. బాగా కట్టినవాడికి నెమలీక, ఫరవాలేదనిపించిన వాడికి పాలపిట్ట ఈక, మిగిలినవాళ్ళకు కాకి ఈక. ఆ ఈకను గూటి ముఖాన గుచ్చుకోవాలి. దారినపోయే పిట్ట ఏదైనా సరే, ఈక చూసి పిల్లడి విలువ చెప్పేది.

ఆ ఏడు దర్భయ్య పంతులు ఈకలు ఇవ్వనన్నాడు. ప్రతి గూటికీ మూడు గడ్డిపోచలు కడతానన్నాడు. ముడి కొకటి, అల్లిక కొకటి, మట్టి కొకటి. వచ్చిన పనికి పచ్చపోచ. ఇంకా రాని పనికి ఎండుపోచ. వచ్చిననాడు ఎండుది విప్పేసి పచ్చది కడతాడు. అంతే.

ఆ మాట వినగానే పదమూడు చెట్లూ కిచకిచలాడాయి. మర్నాడు పొద్దున్నే తల్లిదండ్రులంతా బడి ముందు వాలారు.

ముందుగా కంకయ్య గొంతు సవరించుకున్నాడు. తన బడిరోజుల్లో నెమలీక అందుకున్నవాడు. ఇప్పుడతని చిన్నకొడుకు కింది తరగతిలో ఉన్నాడు. "పంతులుగారూ, మా తాతలు ఈకలతోనే పెద్దవాళ్ళయ్యారు. ఇప్పుడవి మీకేం అడ్డమొచ్చాయి? నెమలీక వస్తుందంటేనే కదా పిల్లలు ముక్కులు అరిగేలా అల్లేది. అది తీసేస్తే ఇక ఎవడు పాటుపడతాడు?"

"అవును మరి," అంది ఇంకో తల్లి. "పక్క కాలువవాళ్ళు సంబంధానికొచ్చి, మీవాడు ఎలాంటివాడమ్మా అంటే, ఈ మూడు గడ్డిపోచలూ చూపించనా? వాళ్ళు మేతకోసం అనుకుంటారు."

అందరూ నవ్వారు. పంతులు కూడా నవ్వాడు.

గరికమ్మ అనే బీదపిట్ట వెనకనుంచి మెల్లగా అంది. "నాదొక సందేహం అయ్యా. మా జీలుగుకు ఏటా కాకి ఈకే. ఇప్పుడు ఎండుపోచలు కడతారు. చూసేవాళ్ళకు అదీ ఇదీ ఒకటే కదా."

"ఒకటి కాదమ్మా," అన్నాడు పంతులు. "కాకి ఈక నీ కొడుకును పనికిరానివాడంటుంది. ఏది రాదో చెప్పదు. ఎండుపోచ ఫలానాది ఇంకా రాలేదు, అది నేర్చుకో అంటుంది. ఈక ఏడాదంతా ఉంటుంది. పోచ రేపే మారొచ్చు."

"ఇవన్నీ మాటలకు బాగుంటాయి," అన్నాడు కంకయ్య.

పంతులు అతనివైపు తిరిగాడు. "నిరుడు మీరంతా చూశారు. నేను నెమలీక ఇచ్చిన పిల్లడి గూడు తొలివానకే కాలువలో పడింది. వాడికి అల్లిక పదికి పది, మట్టి పదికి పది. ముడికి రెండే. మూడూ కలిపితే మొత్తానికి బాగానే కనబడింది, ఈక ఇచ్చేశాను. వాన మూడూ కలిపి చూడదు కదా, కంకయ్యా. అది ముడినొక్కదాన్నే చూసింది. పిల్లడు బతికాడు. రెక్క వంకరపోయింది. ఇప్పుడు నేలమీద గింజలేరుకు తింటున్నాడు. ఆ ఈక ఇచ్చింది నేనే."

అప్పటికి పంతులు మాటే నెగ్గింది. కానీ మనసులో ఒప్పుకోనివాళ్ళు చాలామందే. వాళ్ళలో తుంగమ్మ ఒకతె.

ఎందుకంటే ఆమెకు తెలుసు, ఆ ఏడు నెమలీక చిగురుదే. వాడి అల్లిక చూస్తే పట్టుచీర అంచు చూసినట్టుండేది.

రెండు రోజులకు పంతులు పోచలు కట్టాడు. చిగురు గూటికి అల్లికకు పచ్చపోచ, మట్టికి పచ్చపోచ, ముడికి మాత్రం ఎండుపోచ. అప్పుడు చిగురు మేతకు వెళ్ళి ఉన్నాడు. గూటి దగ్గర తుంగమ్మ ఒక్కతే ఉంది.

"ఇదేమిటండీ," అందామె. "మావాడి ముడి ఎంత నున్నగా ఉందో చూడండి. ఒక్క కొస కూడా బయటికి కనబడదు."

"అదేనమ్మా తప్పు. మూడు చుట్లు చుట్టి, కొసను వెనక్కి తిప్పి లోపలికి దూర్చాలి. అందం చెడుతుందని వీడు కొసలు కొరికేస్తున్నాడు. కొస లేని ముడి బరువు పడితే జారుతుంది."

తుంగమ్మ ముఖం మాడ్చుకుంది. కొసలు కనబడకుండా కొరికెయ్యమని చిన్నప్పటినుంచీ కొడుక్కి చెప్పింది తనే. పక్కచెట్టువైపు చూస్తే గరికమ్మ కొడుకు జీలుగు గూడు కనబడింది. బస్తాలా వంకరగా ఉంది. అల్లికకు ఎండుపోచే. ముడికి మాత్రం నిగనిగలాడుతూ పచ్చపోచ.

ఆ మధ్యాహ్నం పిట్టలన్నీ నారుమడి మీదికి వెళ్ళాయి. తుంగమ్మ వెళ్ళలేదు. చిగురు గూటికి కట్టిన ఎండుపోచను విప్పి కాలువలో పారేసింది. దాని చోట ఒక పచ్చి వరిఆకు చీరి కట్టింది. 'నాలుగు రోజుల్లో ఎలాగూ నేర్చుకుంటాడు. ముందుగా కడితే మునిగిందేముంది?' అనుకుంది. తాను కట్టిన ఆకు వాడిపోయినప్పుడల్లా, ఎవరూ లేని వేళ చూసి కొత్త ఆకు మార్చేది. చెట్లచుట్టూ తిరిగే ఓపిక పంతులుకు లేదు. పచ్చపోచ కోసం పిల్లలే ఆయన దగ్గరికి వచ్చి అడగాలి. చిగురు ఎందుకు అడుగుతాడు?

వాడు మూడు పచ్చపోచలూ చూసుకుని పొంగిపోయాడు. ముడి సంగతి మళ్ళీ తలుచుకోలేదు. ఉన్న తీరికంతా పెట్టి గూటి ముఖానికి జడలాంటి అంచు అల్లాడు. జీలుగు మాత్రం రోజూ అల్లిక విప్పడం, మళ్ళీ అల్లడం. పదిరోజులకు వాడి ఎండుపోచ కూడా పచ్చదైంది.

జ్యేష్ఠం చివర ఒకనాడు చిన్నగాలి వీచింది. చిగురు గూడు కొంచెం పక్కకు ఒరిగింది. 'గాలన్నాక ఊగదా,' అనుకుంది తుంగమ్మ.

రెండోసారి ఇంకొంచెం పెద్దగాలి. ఈసారి తుంగమ్మ వెళ్ళి ముడిమీద ముక్కు ఆనించి చూసింది. ఎన్నో గూళ్ళు చూసిన ముక్కు అది. ముడి గింజంత కిందికి జారిందని వెంటనే తెలిసింది.

"నాయనా, ఆ ముడి ఒకసారి విప్పి మళ్ళీ వేసుకోరా," అంది.

"ఎందుకమ్మా? పంతులుగారే పచ్చపోచ కట్టారుగా."

"కట్టారనుకో. అయినా..."

"నువ్వు పంతులుగారికంటే ఎక్కువ చదివావా ఏమిటి?" అని నవ్వి, వాడు మళ్ళీ అంచు అల్లుకోవడంలో పడ్డాడు.

పదమూడు చెట్లూ వినే తుంగమ్మ మాటను, కన్నకొడుకే వినలేదు. వినకుండా చేసింది తను కట్టిన పోచే. నిజం చెప్పాలంటే ముందు తన అబద్ధాన్ని ఒప్పుకోవాలి. 'రేపు చెబుతాను,' అనుకుంది. మర్నాడూ అలాగే అనుకుంది.

మూడోసారి గాలి వీచలేదు. అసలు ఆకే కదల్లేదు. ఉక్కపోసింది. నైరుతి మూల మబ్బు నల్లటి గేదెలా పైకి లేచింది. తొలివాన అదేనని చిన్నపిల్లలకు కూడా తెలిసిపోయింది. పంతులు అందరినీ పిలిచి, ఎవరి గూళ్ళు వాళ్ళు సరిచూసుకోమన్నాడు.

తుంగమ్మ అందరి మధ్యకూ వచ్చి వాలింది. కొడుకు గూటినుంచి తెంపి తెచ్చిన ముడి పచ్చపోచను కొమ్మమీద పడేసింది.

"ఇది పంతులుగారు కట్టింది కాదు," అంది. "ఆయన ఎండుపోచే కట్టారు. నేను మార్చాను. చిగురూ, నీకు ముడి రాలేదు నాయనా."

ఎవరో, "తుంగమ్మేనా?" అని గుసగుసలాడారు. చిగురు తల్లివంక చూడలేదు.

పంతులు కోప్పడలేదు. "ఎండుపోచలో అవమానం లేదు తుంగమ్మా. అందులో ఉన్నది నేర్చుకునేందుకు గడువు. పద్దెనిమిది రోజుల గడువు వాడికి తెలియకుండా నువ్వు తీసేసుకున్నావు. ఇప్పుడొక్క పూటే మిగిలింది. మాట్లాడుతూ కూర్చుంటే అదీ ఉండదు. నా ముక్కులో ఇప్పుడంత బలం లేదు. జీలుగూ, నువ్వు వెళ్ళు."

జీలుగు సిగ్గుపడ్డాడు. "నా ముడి చూడ్డానికి బాగుండదు మరి. కొసలన్నీ మీసాల్లా బయటికొస్తాయి."

"మీసాలున్నా సరే, పడకుండా ఉంటే చాలు," అన్నాడు చిగురు బొంగురుగొంతుతో. "రారా."

ఇద్దరూ కూర్చున్నారు. మొదటి ముడి లాగి చూస్తే జారింది. రెండోది కొంత ఆగి జారింది. చిగురు అలవాటుకొద్దీ కొస కొరకబోతే, జీలుగు వాడి ముక్కుమీద ఒక్కటి పొడిచాడు. మూడోది, ఇద్దరూ మట్టకింద తలకిందులుగా వేలాడి లాగినా కదల్లేదు. అలాంటివి ఇంకో నాలుగు వేసేసరికి తొలిచినుకు పడింది.

గాలివాన సాయంత్రందాకా విడవలేదు. తుంగమ్మ గుడ్లమీదనుంచి లేవడానికి లేదు. గూటిలోంచి మెడచాచి చూస్తూనే ఉంది. ఎదురుమట్టకు చిగురు గూడు అటు కొట్టుకుంటోంది, ఇటు కొట్టుకుంటోంది. అంతసేపు పెట్టి అల్లిన జడ అంచు ఊడి నీళ్ళలో కొట్టుకుపోయింది. ఒకసారి మట్ట మొత్తం కాలువదాకా వంగింది. తుంగమ్మ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి మట్ట పైకి లేచింది, గూడూ దానితోపాటే లేచింది.

వాన వెలిశాక చిగురు తడిసిన తల బయటపెట్టాడు. తిన్నగా తల్లి గూటికి వచ్చి వాలాడు.

"ఆరోజే చెప్పి ఉంటే బాగుండేదమ్మా," అన్నాడు.

"బాగుండేది నాయనా," అంది తుంగమ్మ.

ఇక తన మాట ఎవరూ అడగరనుకుంది ఆమె. మూడోరోజు కంకయ్య వచ్చాడు. కొమ్మమీద అటూ ఇటూ నడిచాడు. "మా చిన్నవాడి గూడు ఒకసారి చూడాలి తుంగమ్మా," అన్నాడు. "పంతులుగారు ముడికి ఎండుపోచ కట్టారు. నాకైతే బాగానే కనబడుతోంది. నువ్వు చెప్పు. రాకపోతే రాలేదనే చెప్పు."

తుంగమ్మ వెళ్ళి ముడిమీద ముక్కు ఆనించింది. పిల్లడు బిక్కుబిక్కుమంటూ చూస్తున్నాడు.

"రాలేదు," అంది. "రెండు చుట్లు బాగా పడ్డాయి. మూడోది వదులు. వచ్చే ఏటి వానకు ఇంకా చాలా రోజులున్నాయి."

పిల్లడు ఎండుపోచవంక ఒకసారి చూసి, ముడి విప్పడం మొదలుపెట్టాడు.

పిల్లవాడికి ఏది వచ్చో, ఏది ఇంకా రాలేదో ఉన్నదున్నట్టు చెప్పడమే పెద్దలు వాడికి చేసే మేలు. రానిదాన్ని వచ్చిందని కప్పిపెడితే నేర్చుకునే రోజులు దొంగిలించినట్టే.