లూదియమ్మ అడగమన్న మాట

లూదియమ్మకు ముప్పై రెండేళ్ళు. కూలికి పోతూ దోవలో దొరికిన చింతచిగురు దూసి కొంగున ముడేసుకోవడం ఆమెకు అలవాటు.

ఇది నిన్నటి మాట కాదు, మొన్నటి మాట కాదు. మన అమ్మమ్మల అమ్మమ్మలకు పాలపళ్ళు ఊడని రోజుల మాట. ఏటికి అవతల ఒక పల్లె ఉండేది. పల్లెలో యేసుప్రభువు గుడి. మట్టి గోడలు, తాటాకు కప్పు, కింద చాపలు. కుడి చాపల మీద మగవాళ్ళు, ఎడమ చాపల మీద ఆడవాళ్ళు.

ఆ పల్లెలో ఒక వాడుక ఉండేది. మొగుడు ఇల్లొదిలి పోయి, ఇంకొకతెతో కాపురం చేసి, మళ్ళీ తిరిగొచ్చాడనుకోండి. వచ్చే ఆదివారం ఇద్దర్నీ, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ముందు నిలబెడతారు. పాస్టరు అయ్యగారు పెళ్ళాన్ని అడుగుతారు.

"దేవుడు నమ్మదగినవాడు. మరి నువ్వు?"

"నేనూ నమ్మదగినదాన్నే" అని ఆమె చెప్పాలి. చెప్పి చెయ్యి చాపాలి. మొగుడు ఆ చెయ్యి పుచ్చుకుంటాడు. అందరూ పాట పాడతారు. దాన్ని చేతులు కలిపే ఆదివారం అనేవారు.

మరి పోయొచ్చినవాణ్ణి ఏమడుగుతారు? ఏమీ అడగరు. వాడు వచ్చి నిలబడితే చాలు. చొక్కా తెల్లగా ఉంటే ఇంకా మంచిది. ఆ చొక్కా ఉతికేది కూడా ఆమే.

లూదియమ్మ మొగుడు ఎఫ్రాయిము. మట్టి పనిలో, రాతి పనిలో మంచి పనివాడు. పెళ్ళయిన రెండేళ్ళకి కాలవ తవ్వకానికి పోయాడు. అక్కడ ఒకతెతో ఉన్నాడు. కాలవ పని అయిపోయింది. ఆకలి మొహంతో తిరిగొచ్చాడు.

ఆదివారం వచ్చింది. అయ్యగారు అడిగారు. లూదియమ్మకి అప్పుడు ఇరవై ఏళ్ళు. వచ్చాడు కదా, అదే పదివేలు అనుకుంది. కొంగు సర్దుకుంది, మాట చెప్పింది, చెయ్యి చాపింది.

రెండేళ్ళు పోయాక ఎఫ్రాయిము కొండ రాయి కొట్టడానికి పోయాడు. అక్కడ ఇంకొకతెతో ఉన్నాడు. అతను పోయేనాటికి లూదియమ్మకి మూడో నెల. బిడ్డ పుట్టింది. పన్నెండో రోజు పోయింది. పాతిపెట్టేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకున్నది పొరుగింటి రాహేలత్త. ఆ ఏడే గాలివాన వచ్చింది. ఇంటికి మూడు గోడలు పడ్డాయి. నాలుగోది ఆమె వైపు ఒరిగి, పడకుండా ఆగింది. ఆ గోడ కింద తడిసి ముద్దవుతూ లూదియమ్మ ఒకటే అనుకుంది. "దేవుడా, నువ్వైతే పోలేదు."

మూడో ఏడు ఎఫ్రాయిము జ్వరంతో తిరిగొచ్చాడు. ఆదివారం వచ్చింది. అయ్యగారు అడిగారు. ఈసారి ఆమెకి బిడ్డని పాతిన చోటు గుర్తొచ్చింది. అయినా కొంగు సర్దుకుంది, మాట చెప్పింది, చెయ్యి చాపింది.

"మా పల్లె ఆడవాళ్ళ ఓర్పు చూశారా!" అని మగవాళ్ళు మురిసిపోయారు. ఎదుటివాళ్ళ ఓర్పుని చూసి మురిసిపోవడమంత తేలికైన పని లోకంలో ఇంకొకటి లేదు.

మూడేళ్ళు పోయాక ఎఫ్రాయిము వంతెన కట్టడానికి పోయాడు. అక్కడ మరొకతెతో ఉన్నాడు. నాలుగో ఏడు, నిలబడి పనిచేసే సారువ కర్రల మీంచి పడి కాలు విరిగింది. అక్కడి ఆవిడ అతన్ని ఎడ్లబండి ఎక్కించి, "మీవాణ్ణి మీరే చూసుకోండి" అని పల్లె మొదట్లో దింపించేసింది. ఆవిడ ఎవరో గానీ తెలివైన మనిషి.

శనివారం పొద్దున సంఘపెద్ద యోవేలు లూదియమ్మ గడపలోకి వచ్చాడు. ఆమెకు వరసకి మేనమామ.

"ఏమే పిల్లా, విన్నావా? నీ మొగుడొచ్చాడు."

"విన్నాను మామా. గంజి కాస్తున్నాను. కాలు విరిగినవాడు కదా."

"అదీ మాటంటే! రేపు చేతులు కలిపేద్దాం."

"గంజి పోస్తాను మామా. చెయ్యి మాత్రం ఇవ్వను."

యోవేలు చేతికర్ర నేలకి కొట్టాడు. "బుద్ధుండే మాట్లాడుతున్నావా? చెయ్యి ఇవ్వకపోతే నిన్ను బల్ల నుంచి తీసేస్తాం. రొట్టె లేదు, గిన్నె లేదు. తెలుసుకో!"

ఆ మాటకి లూదియమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ పోటు ఎక్కడ తగులుతుందో యోవేలుకి తెలుసు. ఊళ్ళో కాపుల ఇళ్ళ దగ్గర ఆమెకు నీళ్ళు దోసిట్లో పైనుంచి పోస్తారు. చుక్క ఎగిరి వెనక్కి పడితే తమ బిందెను పదిసార్లు తోముకుంటారు. ఒక్క ప్రభువు బల్ల దగ్గరే, అందరూ తాగిన గిన్నెని ఆమె పెదాలకి ఆనిస్తారు. నెలకొక్కసారి. ఆ ఒక్కసారి కోసం ఆమె మిగతా నెలంతా బతికేది.

ఆదివారం వచ్చింది. గుడి కిటకిటలాడింది. ఎఫ్రాయిము కర్ర ఊతంతో బల్ల ముందు నిలబడ్డాడు. లూదియమ్మ వచ్చి పక్కన నిలబడింది.

అయ్యగారు హోషేయ ప్రవక్త సంగతి ఎత్తుకున్నారు. "తప్పిపోయిన పెళ్ళాన్ని ప్రవక్త మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నాడు. దేవుడి ప్రేమ అలాంటిది. ఆ ప్రేమ నీలో ఉండాలి లూదియమ్మా."

"అక్కడ తెచ్చుకున్నది మొగుడు కదా అయ్యగారూ" అంది లూదియమ్మ. "మన పల్లెలో అలా తెచ్చుకున్న మొగుణ్ణి ఒక్కణ్ణి చూపించండి. పడవ దగ్గర ఎవరితోనో నవ్విందని సారమ్మని పుట్టింటికి తోలేశారు. ఆమెకి చేతులు కలిపే ఆదివారం ఎప్పుడు?"

ఎడమ చాపల మీద గాజులు గలగలమన్నాయి. కుడి చాపల మీద దగ్గులు వినిపించాయి. సారమ్మ మొగుడు తన కాలి బొటనవేలి వంక చూసుకున్నాడు.

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "అది వేరే సంగతి. దేవుడు నమ్మదగినవాడు. మరి నువ్వు?"

లూదియమ్మ కొంగు సర్దుకుంది. చెయ్యి చాపలేదు.

"నన్ను రెండుసార్లు అడిగారు అయ్యగారూ, రెండుసార్లూ చెప్పాను. పదహారేళ్ళు మాట మీద నిలబడ్డాను. ఈసారి ఆ మాట ఆయన్ని అడగండి."

"మగవాణ్ణి అడిగే వాడుక లేదు!" అని లేచాడు యోవేలు.

"ఎందుకు లేదు మామా?"

"ఇన్నాళ్ళూ అవసరం రాలేదు!"

ఎడమ చాపల మీద నవ్వు పుట్టింది. ముందు కొంగుల చాటున, తర్వాత చాటు లేకుండా. ఆ నవ్వు ఆపడానికైనా అడగక తప్పింది కాదు అయ్యగారికి.

"ఎఫ్రాయిమూ, దేవుడు నమ్మదగినవాడు. మరి నువ్వు?"

ఎఫ్రాయిము ఏదో గొణిగాడు.

"వినపడలేదు!" అంది రాహేలత్త.

అయ్యగారు రెండోసారి అడిగారు. "మగాణ్ణి కదండీ..." అన్నాడు ఎఫ్రాయిము నేల చూపులతో.

"వినపడలేదు!" అన్నారు ముగ్గురు ఆడవాళ్ళు.

అయ్యగారు బైబిలు తెచ్చి అతని చేతి కింద పెట్టి మూడోసారి అడిగారు. ఎఫ్రాయిము చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పెళ్ళానికి చెప్పినంత తేలిగ్గా దేవుడికి అబద్ధం చెప్పలేకపోయాడు.

"చెప్పలేనండి" అన్నాడు.

అది అందరికీ వినపడింది.

లూదియమ్మ తలూపింది. "దేవుడు నమ్మదగినవాడు కాబట్టే ఇంత అడిగాను అయ్యగారూ. మాటివ్వడమంటే ఏమిటో, ఇచ్చిన మాట మీద ఉండటమంటే ఏమిటో ఆయన దగ్గర నేర్చుకున్నాను. గోడలు కూలినప్పుడు ఆయన ఉన్నాడు. బిడ్డని మట్టిలో పెట్టినప్పుడు ఆయన ఉన్నాడు. పెళ్ళినాడు ఈ బల్ల ముందు ఇద్దరం మాటిచ్చాం. ఒక్కదాన్నే మోస్తే అది కాపురం కాదు, కావడికి ఒకవైపే కుండ."

ఆ మధ్యాహ్నమే పెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు. మాట చెప్పలేనన్నవాడికి ఏ శిక్షా లేదు. అడగమన్నదాన్ని బల్ల నుంచి తీసేశారు.

ఎఫ్రాయిము అన్న ఇంటికి చేరాడు. కాలు అతుక్కునేదాకా లూదియమ్మ గంజి పంపింది. అతుక్కున్నాక మానేసింది.

రొట్టె, గిన్నె పంచే సంస్కారపు ఆదివారం ఆమె గుడి మెట్ల మీద కూర్చునేది. లోపల పాట ఎత్తుకుంటే బయట తనూ పాడేది. లోపల గిన్నె తిరుగుతుంటే తలొంచుకునేది. ఆ తల ఎంతసేపటికీ లేచేది కాదు. బాధ లేదని ఎవరైనా చెబితే నమ్మకండి.

మూడో నెలలో రాహేలత్త తనకిచ్చిన రొట్టె ముక్క నోట్లో పెట్టుకోలేదు. సగం తుంచింది. లేచి బయటికి నడిచింది. సగం ముక్క లూదియమ్మ చేతిలో పెట్టింది.

"ఏయ్ ముసలీ! ఏమిటా పని?" అని అరిచాడు యోవేలు.

"ప్రభువు రొట్టె విరిచి ఇమ్మన్నాడా, దాచుకోమన్నాడా? ముందు అది చెప్పు, తర్వాత అరుద్దువు గాని" అంది రాహేలత్త.

మరుసటి నెల ముగ్గురు లేచారు. ఆ పై నెల ఎడమ చాపలన్నీ ఖాళీ అయ్యాయి. మెట్ల మీద చోటు చాల్లేదు. గుడిలో మగవాళ్ళు మాత్రం మిగిలారు. పాట ఎత్తుకునే గొంతు లేదు, చంటిబిడ్డల్ని ఎత్తుకునే చేతుల్లేవు. సగం మందికి పాటలో రెండో చరణమే రాదు.

చివరికి లూదియమ్మని లోపలికి పిలిచారు. మనసు మారి కాదు, గుడి నడవక. చేతులు కలిపే ఆదివారం కూడా అప్పటితో పోయింది. ఏ ఆడది లేచి ఏం అడగమంటుందోనని భయం. తప్పు చేశామని ఏ పెద్దా అనలేదు. ఈనాటికీ అనలేదు.

లూదియమ్మ డెబ్భై దాటి బతికి పోయింది. ఆమెకు రాతి సమాధి లేదు. కానీ ఏటికి అవతలి పల్లెల్లో ఇప్పటికీ పెళ్ళి జరిగితే ముందు పెళ్ళికొడుకుని అడుగుతారు. "దేవుడు నమ్మదగినవాడు. మరి నువ్వు?" అతను చెబుతాడు. "వినపడలేదు!" అంటారు ఆడవాళ్ళు. గట్టిగా చెబుతాడు. "వినపడలేదు!" అంటారు మళ్ళీ. మూడోసారి కప్పు ఎగిరేలా అరిచి చెబుతాడు. ఆ తర్వాతే పెళ్ళికూతుర్ని అడుగుతారు. బయటి చుట్టాలు అదేదో సరదా అనుకుని నవ్వుతారు. ఆడవాళ్ళు నవ్వరు.

ఎఫ్రాయిము ఆమెకంటే పద్నాలుగేళ్ళు ముందే చనిపోయాడు. గుడి గంట కొట్టారు, కబురు పంపారు. లూదియమ్మ వెళ్ళలేదు. ఆ రోజు రెండెకరాల నాటు ఉంది. పొలానికి పోయి నాటేసింది.